నేలకు ఐదో బుద్ధి

ఎల్లారం స్టేడియంలో నేలకు నాలుగు బుద్ధులని ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. గురువారం పశువుల అంగడినాడు అది బండరాయి. ఎడ్లు గిట్టలు దిగ్గొట్టినా, బర్లు బెదిరి పరుగెత్తినా గీత పడదు. పెండ్లి ఉన్న రోజు నున్నని గచ్చు. బతుకమ్మ తొమ్మిది రోజులూ, గంటల తరబడి తిరిగి ఆడే ఆడవాళ్ల మడమలు నొయ్యకుండా వాన తడిసిన చేనుగట్టులా కాస్త ఒదుగుతుంది. మిగతా రోజుల్లో కబడ్డీ. కూతకు వెళ్లిన పిల్ల కింద పడబోతోందనగానే రెప్పపాటులో మెత్తబడి, పడ్డాక మళ్లీ గట్టిపడుతుంది.

అన్ని పనులకూ ఒకే నేల ఎందుకంటే దానికో గొడవ ఉంది. ఆ జాగా మొదట అంగడిది. స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు స్టేడియం కడతామంటే బేరగాళ్లు ఎడ్లతో సహా వచ్చి అడ్డం కూర్చున్నారు. గురువారం అంగడిది, మిగతా వారం క్లబ్బుది అని పెద్దమనుషులు తేల్చారు. ఎడ్ల గిట్టలకూ ఆడపిల్లల మోకాళ్లకూ సరిపోయే నేల వెయ్యడం ఎవరి తరమని నవ్వనివాడు పాపాత్ముడు. హైమ తరమైంది.

హైమ ఆ ఊరి పిల్లే. ఆమె అన్న రాజమల్లు అదే అంగడి జాగాలో కబడ్డీ ఆడుతూ, మట్టిలోంచి పైకి తేలిన రాయి మీద పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. మూడేండ్లు మంచాన ఉండి పోయాడు. అప్పుడు ఇంటర్ చదువుతున్న హైమ, చదివినన్నాళ్లూ నేల గురించే చదివింది. హైదరాబాద్ ల్యాబులో ఐదేండ్లు కూర్చుని చివరికి ఒక పలక తయారుచేసింది. పైన తోలులాంటి పొర, లోపల ఇనుప రజను కలిపిన చిక్కని ద్రవం. కరెంటు పారితే ద్రవం రాయవుతుంది, తగ్గితే జావ అవుతుంది. ప్రతి పలకా తన మీద పడే అడుగుల బరువునూ లయనూ పట్టుకుని మనిషిని గుర్తుపడుతుంది. తేనెపట్టులా ఆరు మూలల పలకలు స్టేడియమంతా పరిచారు. మిగిలినవి గ్యాలరీ కింద ఆడపిల్లలుండే హాస్టల్లో వేశారు.

దెబ్బలో నూటికి నలభై పాళ్లకు మించి నేల మింగకూడదని పోటీల సంఘం నియమం పెట్టింది. హైమ సరేనని సంతకం చేసింది.

కానీ ఆ నేలకు ఐదో బుద్ధి ఒకటుంది. అది హైమకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ బుద్ధి పేరు రవళి.

రవళి రాజమల్లు కూతురు. తండ్రి పోయేనాటికి నాలుగేండ్లది. పదహారో ఏట క్లబ్ కోచ్ జలీల్ సార్ దాని పరుగు చూసి హాస్టల్లో చేర్చుకుంటానన్నప్పుడు, తల్లి సత్తవ్వ వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"ఆయనను తిన్నది సాలదా ఈ ఆటకు? నా బిడ్డను గూడ ఇయ్యాల్నా?" అంది.

"వదినా, ఇది ఆ నేల గాదు. నేను ఏసిన నేల. దానికి దెబ్బ తాకనియ్య" అంది హైమ.

"ఒక్క దెబ్బ గూడ?"

"ఒక్కటి గూడ."

అలా మాటిచ్చింది. మాటదేముంది, నోరు తెరిస్తే వస్తుంది. మొదటి వారంలోనే రవళి మోచెయ్యి గీరుకుపోయింది. సత్తవ్వ సంచి పట్టుకుని హాస్టల్‌కు వచ్చి, బట్టలు సర్దమని కూతురి ముందు నిలబడింది. హైమ వదినను కూర్చోబెట్టి చాయ్ తాగించి, ఇంకొక్క వారం ఆగమని బతిమాలింది. ఆ మధ్యాహ్నమే కంట్రోల్ గదిలోకి పోయి నేల బుర్రలో ఒక వాక్యం రాసింది. ఈ లయతో నడిచే మనిషికి నలభై కాదు, తొంభై.

ఆ తర్వాత రవళికి గోరంత గాయం కాలేదు. దెబ్బ తాకుతుందన్న భయం లేని పిల్ల ఎలా ఆడుతుందో ఎల్లారం చూసింది. ఆరుగురు పట్టుకోబోతే వాళ్ల మీదుగా ఎగిరి దూకేది, వీపు మీద పడి చెయ్యి చాచి గీత అందుకునేది. రెండేండ్లలో సొంత నేల మీద క్లబ్ ఒక్క ఆట ఓడలేదు. జనం రవళిని భుజాల మీద మోశారు. హాస్టల్లో తింటూ, తిరుగుతూ, పడుకుంటూ ఇరవై నాలుగు గంటలూ ఆ నేల మీదే ఉన్న పిల్ల కడుపులో చల్ల కదలకుండా పెరిగింది. సత్తవ్వ కూడా గ్యాలరీలో కూర్చుని ఈల వెయ్యడం నేర్చుకుంది.

ఏటా పిల్లలకు జరిగే పరీక్షల్లో ఆ సారి డాక్టర్ యాస్మిన్ రవళి కాగితం పట్టుకుని హైమ దగ్గరికే వచ్చింది.

"మేడమ్, ఈ పిల్ల ఎముకలు చూడున్రి. పద్దెనిమిదేండ్ల ఆటగత్తెకు ఉండాల్సినట్టు లెవ్వు. అరవై దాటిన ముసలమ్మకు ఉన్నట్టున్నయి. ఎముక దెబ్బ తింటెనే గట్టి పడుతది గద. ఈమె రెండేండ్ల సంది మంచంల ఉన్నట్టున్నది."

మంచం అన్న మాట హైమకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ క్షణంలోనే ఆమెకు సంగతంతా అర్థమైంది. ఇంత చదివిన మనిషికి అర్థం కావడానికి అర నిమిషం పట్టలేదు. పడినప్పుడే కాదు, నడిచిన ప్రతి అడుగుకూ నేల తొంభై పాళ్లు మింగేసింది. దెబ్బ నేలకు పోయింది, దెబ్బతో పాటు ఎముకకు అందాల్సిన బలం కూడా నేలకే పోయింది.

"మిషన్ తప్పు సూపిచ్చిందేమో డాక్టర్. ఫైనల్ అయినంక మళ్ల తీద్దాం" అంది.

ఫైనల్‌కు ఇంకా పద్దెనిమిది రోజులుంది. నిజం చెప్తే రవళిని ఆపేస్తారు, తొంభై సంగతి బయటికొస్తుంది, నేలనే తవ్విపారేస్తారు. పద్దెనిమిది రోజులే కదా అని హైమ తనకు తాను చెప్పుకుంది. తొంభైని కూడా అలాగే ఉంచింది, ఇప్పుడు హఠాత్తుగా తగ్గిస్తే రవళికి తెలిసిపోతుందని. తప్పు చేసినవాళ్లకు కారణాలు వెతుక్కోవాల్సిన పని ఉండదు, అవే వరస కట్టి వస్తాయి.

ఫైనల్ గుండారంలో జరిగింది. రవళి బయటి నేల మీద ఆడటం అదే మొదలు. అది పాతకాలపు మట్టి మైదానం. మొగిలయ్య అనే పెద్దాయన ముప్పై ఏండ్లుగా దాన్ని సాకుతున్నాడు. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, తాలింఖానాలో పహిల్వాన్ల కోసం చేసినట్టు మజ్జిగ నీళ్లు చిలకరించి, ఆట ముందు రోజు మోకాళ్ల మీద పాకుతూ చేత్తో తడిమి చిన్న రాయి కూడా ఏరేస్తాడు. గుండారం ఆడపిల్లలు ఆ మట్టిలోనే పడి లేచి పెరిగారు.

రవళి మొదటి కూతకు వెళ్లి రెండు పాయింట్లు తెచ్చింది. రెండో కూతలో ఇద్దరు నడుం పట్టుకుంటే అలవాటు ప్రకారం గాల్లోకి లేచి, కుడికాలి మీద దిగింది. పెద్దగా పడనే లేదు. బళ్లో పిల్లలు గోడ మీంచి దూకినంత ఎత్తు. ఎండు కంది కట్టె విరిచినట్టు చప్పుడైంది.

ఆ చప్పుడు హైమకు వినిపించింది. రవళి అరవలేదు. కాలి వంక ఆశ్చర్యంగా చూసుకుంటూ, నేల ఇంకా మెత్తబడలేదేమిటన్నట్టు అరచేత్తో మట్టిని తట్టింది. నొప్పి అందుకునేదాకా అలాగే తడుతూ ఉంది.

ఆస్పత్రిలో రవళి కాలికి రాడ్లు వేశారు. సత్తవ్వ బెంచీ మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుంది. క్లబ్ సెక్రటరీ భూమారెడ్డి మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు.

"మన నేల మీద రెండేండ్లల ఒక్క దెబ్బ తాకని పిల్ల, వాళ్ల నేల మీద పది నిమిషాలల్ల కాలిరగ్గొట్టుకున్నదంటె ఏంది లెక్క? ఆ మట్టిల ఏదో ఉన్నది. సంఘానికి ఫిర్యాదు పెట్టిన. ఆ మొగిలయ్యను జీవితంల మైదానం మీద కాలు పెట్టనియ్యద్దు. హైమ మేడమ్, మట్టి పరీక్ష చేసి మీరే రిపోర్ట్ ఇయ్యాలె. మీకన్న తెలిసినోళ్లెవలున్నరు?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని గుండారం వాళ్లు పేపర్లో తిప్పికొట్టారు. ఎల్లారం వాళ్లు గుండారం బస్సుకు అడ్డం పడ్డారు. ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు అంతా పోయి మొగిలయ్య మీద పడింది. విచారణ పదిరోజులకు పెట్టారు. హైమ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగింది. ఇంట్లో గచ్చు మీద నడుస్తుంటే తన మడమల చప్పుడు తనకే వినిపించేది.

ఒక రోజు పొద్దున మొగిలయ్య ఎల్లారం స్టేడియానికి వచ్చాడు. తువ్వాలలో సేరెడు మట్టి మూటగట్టుకుని కంట్రోల్ గది గడప దగ్గర చెప్పులు విడిచాడు.

"లోపలికి రా పెద్దయ్యా" అంది హైమ.

"వద్దు బిడ్డా, మట్టి రాలుతది." గడప మీదే కూర్చుని మూట విప్పాడు. "ఆ పొల్ల పడ్డ కాడ తీసిన మట్టి ఇది. ఎవలు చెప్పినా నేను ఇనలే. నువ్వు చదువుకున్నదానివి, నేల గురించి తెలిసినదానివి. ఇండ్ల నా తప్పు ఏమన్న ఉంటె నువ్వే చెప్పు. ఆనాడు పొద్దుగాల మూడు మాట్ల తడిమిన. నా చెయ్యికి తాకకుండ ఏమన్న మిగిలిందేమో, ముసలి చెయ్యి గద. నిద్ర పడ్తలేదు బిడ్డా. ఆ పొల్ల అరవకుంట మట్టిని తట్టింది సూడు, అదే కండ్లల్ల మెదులుతున్నది."

హైమ మట్టిని చేతిలోకి తీసుకుంది. పిండిలా మెత్తగా, చల్లగా ఉంది. ఇంత మంచి మట్టిని ఆమె ఏ ల్యాబులోనూ చూడలేదు. తన తప్పుకు ఈ మనిషి నిద్ర పోగొట్టుకుంటున్నాడు. సిగ్గుతో ఆమెకు ఒళ్లంతా కాలింది.

"నీ మట్టిల తప్పు లేదు పెద్దయ్యా" అంది. "తప్పు నాది. విచారణల చెప్త. కని ముందుగాల మా వదినెకు చెప్పాలె."

మొగిలయ్యకు సగమే అర్థమైంది. ఏ తప్పని అడగలేదు. మట్టి గింజ కూడా వదలకుండా మళ్లీ మూట కట్టుకున్నాడు.

"అయితె నా మట్టి మంచిదేనని ఒక కాయితం రాసియ్యి బిడ్డా. మా ఇంట్ల సూపిస్త" అన్నాడు.

హైమ రాసి సంతకం పెట్టింది.

ఆస్పత్రి గదిలో సత్తవ్వ బత్తాయి ఒలిచి కూతురికి పెడుతోంది. హైమ నిలబడే చెప్పింది. తొంభై గురించి చెప్పింది, ఎముకల గురించి చెప్పింది, డాక్టర్ కాగితం తెస్తే ఫైనల్ అయినంక చూద్దామన్న మాట కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ సత్తవ్వ చేతిలో బత్తాయి తొనలు ఒకటొకటిగా విడదీస్తూనే ఉంది. తినేవాళ్లు లేక అవి గిన్నెలో పోగుపడ్డాయి.

"ఇంకెంతమందికి పెట్టినవ్ అట్ల?" అని అడిగింది చివరికి.

"రవళికొక్కదానికే."

"ఎందుకు?"

"నువ్వు అడిగినవ్ గద వదినా. ఒక్క దెబ్బ గూడ తాకద్దని."

ఆ మాట బయటికి రాగానే, అనకుండా ఉండాల్సిందని హైమకు తెలిసింది. సత్తవ్వ తలెత్తి చూసింది. కండ్లలో నీళ్లు లేవు.

"నేను తల్లిని హైమా. నాకు భయమైతది, అడుగుత. అది నా పని. అట్ల చెయ్యద్దని చెప్పుడు నీ పని. బీడీలు చుట్టేటందుకు నేను తంబాకు తెమ్మంటె తెస్తివి, చుట్టుడు మంచిది గాదు మానెయ్యుమని నువ్వంటె మానేస్తిని. నీ చదువును సూసి నీ మాట మీద నడిచిన. నాకేం తెలుసు ఎముక దెబ్బ తినాలెనని?"

మంచం మీంచి రవళి అడిగింది.

"అత్తా. మరి నేను గెలిచిన ఆటలు?"

"వాటికేమయిందే?" అంది హైమ.

"నేను గెలిచిన్నా, నేల గెలిచిందా?"

నువ్వే గెలిచావని హైమ అనబోయింది. రవళి మొహం చూసి ఆగిపోయింది. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పే అలవాటు వల్లే కదా ఇంతదాకా వచ్చింది.

"నాకు తెల్వదు బిడ్డా" అంది.

రవళి గోడవైపు తిరగబోయింది. కాలు కదపలేక మొహం ఒక్కటే తిప్పుకుంది.

విచారణలో హైమ అన్నీ ఒప్పుకుంది. సంఘం మొగిలయ్యకు క్షమాపణ ఉత్తరం రాసింది. ఎల్లారం రెండేండ్ల గెలుపులను కొట్టేసింది. భూమారెడ్డి హైమ మొహం చూడటం మానేశాడు. జలీల్ సార్ మాత్రం ఒకసారి ఎదురుపడి, "గట్టి నేల మీద పడుడు నేర్పించుడే నా పని మేడమ్. మీరు ఆ పని నా చేతులకెంచి గుంజుకున్నరు" అని వెళ్లిపోయాడు. అంగడి బేరగాళ్లు ఎడ్లను ఆ నేల మీద నిలపాలన్నా అనుమానంగా చూశారు. నేలను తవ్వేద్దామనే అనుకున్నారు కానీ, డాక్టర్ యాస్మిన్ అడ్డం పడింది.

"ఆ పిల్లకు మళ్ల ఎముక కట్టాలంటె దెబ్బలే మందు. కని ఒక్కసారే గట్టిగ తాకితె మళ్ల విరుగుతది. రోజుకింత, రోజుకింత పెంచుకుంట పోవాలె. అంత కొలిచి కొట్టే నేల లోకంల ఈ ఒక్కటే ఉన్నది. దాన్ని నడిపే మనిషి గూడ ఒక్కతే" అంది.

అలా హైమ మళ్లీ కంట్రోల్ గదిలోకి వచ్చింది. మాటిచ్చి కాపాడుతానన్న పిల్లను ఇప్పుడు కొలత పెట్టి కొట్టడం ఆమె పని అయింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి రవళి ఖాళీ స్టేడియంలో ఊతకర్ర పక్కన పెట్టి నాలుగడుగులు నడిచేది. కొన్ని నెలలకు ఊతకర్ర పోయింది. నడక పోయి గెంతులొచ్చాయి. గెంతులయ్యాక, మోకాళ్ల మీద కూలబడి లేవడం. నేల మింగే పాళ్లు తొంభై నుంచి డెబ్బైకి దిగాయి, డెబ్బై నుంచి యాభైకి. సత్తవ్వ ప్రతిరోజూ వచ్చి గ్యాలరీ మొదటి మెట్టు మీద కూర్చునేది. హైమతో మాట్లాడేది కాదు. ఒక్కో రోజు టిఫిన్ డబ్బా మాత్రం కంట్రోల్ గది గడప మీద పెట్టి పోయేది. ఆ అన్నం హైమ మెతుకు మిగల్చకుండా తినేది.

నలభై ఐదు దగ్గర హైమ చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు రవళి కూలబడి లేస్తూ పెదవి కొరుక్కుంది. తెర మీద దెబ్బ కొలత చూస్తున్న హైమకు గుండారంలో విన్న చప్పుడు చెవిలో మళ్లీ మోగింది. డాక్టర్ రాసిన పట్టికలో మర్నాడు నలభై. ఆ మర్నాడు ముప్పై ఎనిమిది. అలా ఆగి ఆగి తొమ్మిదో రోజుకు ముప్పై.

"ఇయ్యాల ఎంత అత్తా?" అని రవళి మైదానంలోంచి అరిచేది.

"నలభై" అని ఒక రోజు, "ముప్పై ఆరు" అని ఇంకో రోజు మైకులో చెప్పేది హైమ. నేల మాత్రం నలభై ఐదు దగ్గరే ఉంది. ఇంకొక్క రోజు ఆగుదాం, కాలు ఇంకాస్త గట్టిపడనీ అనుకునేది. రవళి మొహంలో నొప్పి లేకపోవడం చూసి ఆమెకు హాయిగా ఉండేది. ఆ హాయి ఎక్కడిదో తెలిసీ ఆమె మార్చలేదు.

తొమ్మిదో రోజు ఆమె "ముప్పై" అని చెప్పింది. రవళి కూలబడింది, లేచింది. మళ్లీ కూలబడింది. గ్యాలరీ మెట్టు మీంచి సత్తవ్వ లేచి, మైదానం చుట్టూ నడిచి వచ్చి, కంట్రోల్ గది గడప లోపలికి అడుగు పెట్టింది. ఇన్ని నెలల్లో ఆమె లోపలికి రావడం అదే మొదలు.

"మొన్న ఏ చప్పుడున్నదో ఇయ్యాల గదే చప్పుడున్నది" అంది. "నిన్న గూడ గదే. నువ్వు తగ్గిస్తలేవు గద హైమా?"

హైమ తెర మీదికి చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగింది. అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ ఇంక పెదవి దాటలేదు.

"నాతోని అయితలేదు వదినా" అంది. ఆమె ఏడుస్తోంది. "మళ్ల ఇరిగితె నేను బతుక."

"నువ్వు బతుకుడు గాదు ఇప్పుడు. అది లేచి నిలబడుడు." అంది సత్తవ్వ. "నాకు భయం లేదనుకుంటున్నవా? అది కూలబడ్డప్పుడల్ల నా పానం ఇంత పోతున్నది. అయినా ఆడ కూసుంటున్న. నువ్వు తగ్గిస్తవా, ఎట్లనో చెప్పు, నేను తగ్గించాల్నా?"

హైమ కండ్లు తుడుచుకుంది. ఒక్కసారి ముప్పైకి పోకూడదు. డాక్టర్ పట్టిక ముందుకు లాగి, ఆగిపోయిన చోటు వెతికి, నేలను నలభైకి దించింది. మైకు నొక్కింది.

"రవళీ. ఈ తొమ్మిది రోజులు నేను అబద్ధం చెప్పిన. నేల నలభై ఐదు మీదనే ఉన్నది. ఇప్పుడు నలభై చేసిన. మెల్లగ పడు బిడ్డా."

మైదానం మధ్యలో రవళి కదలకుండా నిలబడింది. తర్వాత రెండడుగులు పరుగెత్తి మోకాళ్ల మీద పడింది. ఈసారి చప్పుడు వేరే. లోతుగా, బరువుగా వచ్చింది. రవళి "అమ్మా" అని గట్టిగా అరిచి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని ముందుకు వంగింది. సత్తవ్వ గోళ్లు హైమ భుజంలోకి దిగాయి.

రవళి మెల్లగా లేచింది. కుంటుతూ నాలుగడుగులు వేసింది, ఆగింది, కాలు విదిలించింది. విరగలేదు. మోకాలి మీద చర్మం లేచి, చింతగింజంత నెత్తురు కనబడుతోంది.

"నిజంగ నలభైయేనా?" అని అరిచింది.

"నలభైయే బిడ్డా" అంది హైమ. రవళికి కనబడేలా తెరను కిటికీ వైపు తిప్పింది. అంకె పెద్దగా వెలుగుతోంది.

రవళి తెర వంక చూడలేదు. అత్త వంక కూడా చూడలేదు. కిటికీలోంచి కనబడుతున్న తల్లి మొహం వంక చూసి, ఆమె అవునని తలూపేదాకా ఎదురుచూసింది. సత్తవ్వ తలూపింది. అప్పుడు గాని రవళి మళ్లీ పరుగు మొదలుపెట్టలేదు.